నింటెండోని గెలిపించింది తాళం కాదు

యూట్యూబ్‌లో వీడియో గేముల చరిత్ర చెప్పే వీడియో ఏది పెట్టినా కథ ఒకటే. 1983లో అమెరికాలో గేముల వ్యాపారం కుప్పకూలింది. ఎవరు పడితే వాళ్లు చెత్త గేములు చేసి షాపుల్లోకి తోలారు, జనానికి విరక్తి పుట్టింది. అప్పుడు జపాన్ నుంచి నింటెండో దిగి, తన యంత్రంలో ఒక లాక్ చిప్ బిగించి, తన అనుమతి లేని గేము నడవకుండా చేసి, ప్రతి డబ్బా మీద నాణ్యత ముద్ర కొట్టి, చచ్చిపోయిన పరిశ్రమకు ప్రాణం పోసింది. వినడానికి బాగానే ఉంటుంది. యాప్ స్టోర్లు నడిపే కంపెనీల తరఫున వాదించేవాళ్లు కూడా ఈ కథని తెగ వాడతారు. గేటు దగ్గర మనిషి లేకపోతే లోపలంతా చెత్తే అని వాళ్ల ఉద్దేశం.

నాకు ఈ కథ ఎప్పుడూ మింగుడు పడలేదు. మొదటి కారణం స్వార్థమే. నేనూ నా ఈడు వాళ్లూ తొంభైల్లో ఖమ్మంలో ఆడిన యంత్రం ఈ కథలో ఎక్కడా కనపడదు. తీరా చదువుతూ పోతే, కథలో సగం అమెరికా వాళ్లు తమకు జరిగినదాన్నే ప్రపంచానికి జరిగినట్టు చెప్పుకోవడం, మిగతా సగం నింటెండో అమ్మకాల విభాగం చెప్పుకున్నది అని తేలింది.

అసలు యంత్రం పేరు ఫామికామ్. ఫ్యామిలీ కంప్యూటర్‌కి జపాన్ వాళ్ల పొట్టి పేరు. దాన్ని తయారుచేసిన ఇంజినీరు మసయుకి ఉయెమురా. నింటెండో అధిపతి హిరోషి యమౌచికి రెండు చుక్కలు పడ్డాక ఉద్యోగులకు ఫోన్ చేసే అలవాటుందట. 1981 చివర్లో అలాగే ఉయెమురాకి ఫోన్ చేసి, గేములుండే క్యాసెట్లు మార్చి ఆడుకునే టీవీ గేము ఒకటి చెయ్యమన్నాడు. తాగి ఏదో అంటున్నాడులే అని ఈయన పట్టించుకోలేదు. మర్నాడు ఆఫీసులో యమౌచి మళ్లీ అదే మాట అనేసరికి నిజమేనని అర్థమైంది. ఉయెమురానే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతి ఇది. యమౌచి పెట్టిన షరతు ఒక్కటే: ధర ఎంత తక్కువ ఉండాలంటే, పోటీ కంపెనీలు ఏడాది దాకా దాని దరిదాపులకు రాకూడదు.

నా వాదన మొత్తం ఈ షరతు మీదే నిలబడింది. ఫామికామ్‌లో ప్రతి భాగం పొదుపు లెక్కలోంచి పుట్టిందే. ప్రాసెసర్ రికో కంపెనీ చేసింది. అది అప్పటికే ఆపిల్ 2 లాంటి కంప్యూటర్లలో ఉన్న 6502 అనే చిప్‌కి తమ్ముడు, వేగం 1.79 మెగాహెర్ట్జ్. రికో ధర తగ్గించడానికి యమౌచి 30 లక్షల చిప్పులు కొంటానని మాటిచ్చాడు. ఒక బొమ్మల కంపెనీ అన్నేసి చిప్పులు కొంటాననడం జూదమే. అయితే 1889లో క్యోటోలో పేకముక్కలు చేసుకుంటూ మొదలైన కంపెనీకి జూదం కొత్తేం కాదు. పని చెయ్యడానికి యంత్రానికిచ్చిన మెమరీ 2 కిలోబైట్లు, అంటే 2048 బైట్లు. ఇవాళ కంప్యూటర్లు తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి 3 బైట్లు వాడతాయి కాబట్టి, మీరు చదువుతున్న ఈ పేరా దాంట్లో పట్టదు. జాయ్‌స్టిక్ బదులు గున్పెయ్ యొకోయి చేతి గేముల కోసం కనిపెట్టిన ప్లస్ గుర్తు బటన్ పెట్టారు. కంట్రోలర్లకు ప్లగ్గులు కూడా పెట్టకుండా తీగలు నేరుగా పెట్టె లోపలికి కలిపేశారు. తీగ పాడైతే పెట్టె విప్పాల్సిందే. 1983 జూలై 15న 14,800 యెన్‌లకు అమ్మకానికి పెట్టారు. తమాషా ఏంటంటే అదే రోజు సెగా కూడా తన మొదటి యంత్రాన్ని దింపింది, 15,000 యెన్‌లకి. మొదట్లో ఫామికామ్‌లో ఒక చిప్ లోపం బయటపడి, అమ్మినవి వెనక్కి తెప్పించి బాగుచెయ్యాల్సి వచ్చింది. ఇరుక్కుపోతున్న చదరపు రబ్బరు బటన్ల చోట గుండ్రటి ప్లాస్టిక్ బటన్లు వచ్చాయి.

చవగ్గా చేశారు కదా అని పనితనం నాసి కాదు. 1985 సెప్టెంబరులో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. 32 ప్రోగ్రాముకి, 8 బొమ్మలకి. ఈ లెక్కలో 32 లెవెళ్లు, పైపుల కింద గదులు, కొజి కొందో పాటలు అన్నీ ఇమడాలి. అందుకే ఆ గేములో ఆకాశంలో మబ్బూ నేల మీద పొదా ఒకటే బొమ్మ. రంగు మాత్రం మారుతుంది, ఒకచోట తెలుపు, ఇంకోచోట ఆకుపచ్చ. ఒకసారి తెలిశాక ఇక చూడకుండా ఉండలేరు. అలాగే తెరమీద ఒకే అడ్డవరసలో ఎనిమిదికి మించి కదిలే ముక్కలను యంత్రం గియ్యలేదు. తొమ్మిదోది మాయమైపోతుంది. ప్రోగ్రామర్లు ఏం చేశారంటే, ఒక్కోసారి ఒక్కో ముక్క మాయమయ్యేలా వంతులేశారు. కాంట్రా అనే కాల్పుల గేములో శత్రువులు, బుల్లెట్లు ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకు మిణుకుమనేది అందుకే. మేమేమో అడాప్టర్ వేడెక్కిందనుకుని కాసేపు ఆపేవాళ్లం.

ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం క్యాసెట్ దూర్చే సందు. దాంట్లో 60 పిన్నులు. ప్రాసెసర్ తీగలూ, బొమ్మలు గీసే చిప్ తీగలూ రెండూ ఆ పిన్నుల దాకా వస్తాయి. ధ్వని వెళ్లే దారి కూడా క్యాసెట్‌లోంచే పోతుంది. అంటే క్యాసెట్ గేము దాచుకునే డబ్బా మాత్రమే కాదు, కావాలంటే అందులో అదనపు చిప్పులు పెట్టి యంత్రం శక్తినే పెంచొచ్చు. యంత్రం చవకది, లోటు ఉంటే గేము చేసేవాడే తన క్యాసెట్‌లో పూడ్చుకుంటాడు. జపాన్లో నామ్కో, కొనామి లాంటి కంపెనీలు తమ క్యాసెట్లు తామే తయారుచేసుకునేవి కూడా. నింటెండోకి లైసెన్సు డబ్బు కట్టే ఒప్పందాలు ఉన్నాయి, కాదనను. కానీ అవి కాగితం మీదే. ఫామికామ్ పెట్టెలో లాక్ చిప్ లేదు.

మళ్లీ చెప్తున్నా. పరిశ్రమను కాపాడిందని చెప్పే ఆ తాళం, జపాన్లో కోటీ 90 లక్షలకు పైగా అమ్ముడైన అసలు యంత్రంలో లేనే లేదు.

మరి తాళం లేని జపాన్ మార్కెట్లో చెత్త గేములు రాలేదా? బోలెడు వచ్చాయి. 1986లో నటుడు తకేషి కితానో పేరు మీద వచ్చిన గేము ఒకటుంది, కావాలనే ఆటగాణ్ణి ఏడిపించడానికి చేసినట్టుంటుంది. ఒకచోట గంటసేపు కంట్రోలర్ ముట్టుకోకుండా కూర్చోవాలి. చెత్త గేముల జాబితాల్లో అక్కడ ఇవాళ్టికీ దానిదే పెద్దపీట. అయినా జపాన్ మార్కెట్ కూలలేదు. నాకు తోచిన కారణం, కొనేవాళ్లకు ముందే సమాచారం దొరికింది. 1986 జూన్‌లోనే ఫామిట్సు పత్రిక మొదలైంది, నలుగురు రాసేవాళ్లు ఒకే గేముకి విడివిడిగా మార్కులేసే పద్ధతి పెట్టింది. ఇంకా చాలా పత్రికలు ఉండేవి. బడి పిల్లలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. చెత్త ఎప్పుడూ ఉంటుంది, ఏది చెత్తో తెలిసే దారి ఉంటే మార్కెట్ బతుకుతుంది.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ వ్యాపారం కూలడానికి ఊరూపేరూ లేని కంపెనీలే కారణమంటారు. ఆ పతనానికి గుర్తుగా అందరూ చెప్పే గేము ఈటీ. దాన్ని చేసింది ఎవరో కాదు, అప్పట్లో అక్కడ గేము యంత్రాల పెద్ద కంపెనీ, సాక్షాత్తూ అటారీయే. అదే పేరున్న సినిమా హక్కులు కొని, క్రిస్మస్ అందుకోవాలని ఒక్క ప్రోగ్రామర్‌కి అయిదు వారాలు టైమిచ్చి, లక్షలకు లక్షల క్యాసెట్లు కొట్టి షాపుల మీద పడేశారు. విమర్శలు మూటగట్టుకున్న పాక్‌మన్ ఇంటి వెర్షన్ చేసింది కూడా అటారీయే. యంత్రంలో ఎంత గట్టి తాళం ఉన్నా యజమానిని ఆపదు కదా. న్యూ మెక్సికోలోని అలమొగార్డో దగ్గర పాతిపెట్టిన అటారీ సరుకుని 2014లో తవ్వితే ఈటీ ఒక్కటే కాదు, సెంటిపీడ్, డిఫెండర్ లాంటి మంచి గేములూ బయటపడ్డాయి. పాతిపెట్టింది మిగిలిపోయిన సరుకుని, నచ్చని సరుకుని కాదు. అదే సమయంలో కొమొడోర్ తన కంప్యూటర్ ధర తెగ్గోస్తూ పోయింది. ఈ ధరకి కంప్యూటరే వస్తుంటే ఉత్త గేము డబ్బా ఎందుకని తల్లిదండ్రులు అనుకున్నారు. ఇన్ని ఉంటే నెపం మాత్రం గేటు మీదకు పోయింది.

1985 అక్టోబరులో నింటెండో న్యూయార్క్‌లో ఫామికామ్‌నే వేరే రూపంలో అమ్మడం మొదలుపెట్టింది. గేముల పేరెత్తితే షాపుల వాళ్లు తలుపులేసుకునే రోజులవి. అందుకని పెట్టె రూపం మార్చి వీసీఆర్‌లా చేశారు, క్యాసెట్‌ని ముందు నుంచి తోసి కిందికి నొక్కేలా పెట్టారు. పక్కన రాబ్ అనే బొమ్మ రోబో. అది చేసే పని పెద్దగా ఏమీ లేదు, కానీ దాన్ని చూపించి బొమ్మల షాపుల్లోకి దూరారు. పేరులో గేమ్ అన్న మాటే లేకుండా నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అన్నారు. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకోటి చేశారు: సరుకు పెట్టుకోండి, అమ్ముడైనదానికే డబ్బివ్వండి, మిగిలింది మేం వెనక్కి తీసుకుంటాం అని షాపులకు హామీ ఇచ్చారు. రెండేళ్ల కిందట చేతులు కాల్చుకున్న షాపువాడికి కావాల్సింది ఈ మాట. లోపల ఏ చిప్ ఉందో వాడికెందుకు?

లాక్ చిప్ వచ్చింది ఈ అమెరికా పెట్టెలోనే. పెట్టెలో ఒకటి, ప్రతి క్యాసెట్‌లో ఒకటి. రెండూ ఎప్పటికప్పుడు మాట్లాడుకుంటూ ఉండాలి. మాట తప్పితే పెట్టె సెకనుకోసారి రీసెట్ అవుతుంది, ఎర్ర లైటు ఆరి వెలుగుతూ ఉంటుంది. ముందు నుంచి తోసే ఏర్పాటు వల్ల పిన్నులు త్వరగా వదులయ్యేవి. అసలు క్యాసెట్‌నే దొంగదనుకుని యంత్రం తిరగ్గొట్టేది. అమెరికా పిల్లలు క్యాసెట్లు ఊదుతూ కూర్చున్నారంటే అందులో ఈ తాళం పాపం చాలా ఉంది.

తాళం చేతిలో ఉన్నాక షరతులు మొదలయ్యాయి. ఒక కంపెనీ ఏడాదికి అయిదు గేములే విడుదల చెయ్యాలి. ఆ గేముని రెండేళ్లపాటు వేరే యంత్రానికి ఇవ్వకూడదు. క్యాసెట్లు నింటెండోనే తయారుచేస్తుంది, డబ్బు ముందే కట్టాలి. అయిదు గేముల లెక్క దాటడానికి కొనామి అల్ట్రా అని ఇంకో కంపెనీ పెట్టుకుంది. పాత అటారీ నుంచి విడిపోయిన అటారీ గేమ్స్ అయితే లాక్ చిప్‌లోని ప్రోగ్రామ్ కాపీని అమెరికా కాపీరైట్ ఆఫీసు నుంచే, కోర్టు కేసు కోసమని అబద్ధం చెప్పి సంపాదించి, దాంతో తాళం తెరిచి గేములు అమ్మింది. దొరికిపోయి కోర్టులో ఓడిపోయిందనుకోండి. 1991లో, షాపులు ధర తగ్గించకుండా ఒత్తిడి చేసిందన్న కేసులో నింటెండో రాజీకొచ్చింది. యంత్రం కొన్నవాళ్లకు 5 డాలర్ల కూపన్లు ఇస్తామంది. కూపన్లు పనికొచ్చేది మళ్లీ నింటెండో క్యాసెట్లు కొనడానికే. ఇంత తెలివిగా జరిమానా కట్టిన కంపెనీని నేను వేరే చూడలేదు.

ఇన్ని షరతుల వల్ల నాణ్యత పెరిగిందా? మనందరికీ తెలిసిన కాంట్రానే తీసుకోండి. కొనామి జపాన్లో దాన్ని 1988లో తన సొంత చిప్ పెట్టిన క్యాసెట్‌లో విడుదల చేసింది. అందులో మొదటి లెవెల్లో చెట్ల ఆకులు గాలికి ఊగుతాయి. మంచు లెవెల్లో మంచు కురుస్తుంది. లెవెళ్ల మధ్య కథ చెప్పే బొమ్మలు, మ్యాపు వస్తాయి. అమెరికాలో నింటెండో తయారుచేసే మామూలు క్యాసెట్‌లో ఇవేవీ పట్టలేదు, అన్నీ తీసేశారు. కాసిల్‌వేనియా మూడో భాగం ఇంకా అన్యాయం. జపాన్ క్యాసెట్‌లో సంగీతం కోసం కొనామి వేరే చిప్ పెట్టింది, పాటకి మూడు గొంతులు అదనం. అమెరికా పెట్టెలో క్యాసెట్ పిన్నులు 72కి పెరిగినా, అందులోంచి ధ్వని వెళ్లే దారి తీసేశారు. దాంతో ఆ పాటలన్నీ పలచబడ్డాయి. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, నేను చెప్పక్కర్లేదు. నాణ్యత ముద్ర ఉన్న డబ్బాలో దొరికింది తక్కువ గేము. తాళం కాపలా కాసింది నింటెండో వాటాకి, ఆటగాడికి కాదు. 1993లో ఈ యంత్రాన్నే 50 డాలర్లకు చవగ్గా మళ్లీ చేసినప్పుడు నింటెండో స్వయంగా లాక్ చిప్ తీసేసింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇండియాలో సమురాయ్ పేరుతో అధికారికంగా అమ్మారు గానీ, మా వీధిలో దాన్ని చూసినవాడు లేడు. మాకొచ్చినవి కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో దొరికే నకళ్లు. డబ్బా మీద ఏదేదో పేరు, బొమ్మ మారియోది, లోపల ఫామికామ్ ప్రాణం. తాళం లేని ఫామికామ్ కాబట్టే తైవాన్ ఫ్యాక్టరీలకు పని తేలికైంది. ముందు అవి ప్రాసెసర్‌నీ బొమ్మలు గీసే చిప్‌నీ అచ్చుగుద్దినట్టు చేశాయి, తర్వాత మొత్తం యంత్రాన్ని ఒక్క చిప్‌లోకి కుదించాయి. మా మేనమామ టీవీలు బాగుచేసేవాడు. ఒకసారి పాడైన డబ్బా విప్పి చూపించాడు. అంత పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో అరచేతి వెడల్పు బోర్డు, దాని మధ్యలో రూపాయి బిళ్లంత నల్లటి జిగురు బొట్టు, మిగతాదంతా ఖాళీ. బరువు తెలియడానికి కింద ఒక ఇనుప రేకు బిగించారు. ఆ బొట్టు కిందే క్యోటో ఇంజినీర్ల రెండేళ్ల కష్టం ఉందని మా ఇద్దరికీ తెలియదు. "దీంట్లో ఏముందిరా, ఏం లేదు" అని మామయ్య మూసేశాడు.

వీడియో గేము పెడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని ప్రతి ఇంట్లో నాన్నలు నమ్మేవాళ్లు. కాబట్టి ఆడాలంటే ఆయన డ్యూటీకి వెళ్లాక యాంటెన్నా తీగ పీకి, గేము తీగ గుచ్చి, చానెల్ ట్యూన్ చేసుకుని, ఆయనొచ్చేలోపు మళ్లీ యథాస్థితికి తేవాలి. ఆ టెన్షన్ ముందు కాంట్రా ఆఖరి బాసు ఒక లెక్క కాదు. 9999 ఇన్ 1 క్యాసెట్‌లో నిజంగా ఉండేవి కొన్నే గేములు. మెనూలో ఒక్కో వరస అదే గేముని వేరే లెవెల్ నుంచో, ఎక్కువ ప్రాణాలతోనో మొదలుపెట్టేది. మోసమే, కానీ మారియో చివరి లెవెళ్లు చాలామందిమి చూసింది ఆ మోసం వల్లే.

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. రష్యాలో 1992 చివర్లో స్టీప్లర్ అనే కంపెనీ డెండీ పేరుతో తైవాన్ నకళ్లను అమ్మింది, సోవియట్ యూనియన్ పోయిన కొత్తలో అక్కడి పిల్లలకు వీడియో గేమంటే డెండీయే. 1994లో నింటెండో ఆ కంపెనీ మీద కేసు వెయ్యకపోగా, తన కొత్త యంత్రం అమ్మిపెట్టమని దాంతోనే ఒప్పందం చేసుకుంది. పోలండ్‌లో పెగసస్. చైనాలో సుబోర్. ఈ సుబోర్ వాళ్లు ఫామికామ్ నకలుకి కీబోర్డ్ తగిలించి, చదువుకునే యంత్రమని జాకీ చాన్‌తో ప్రకటనలు ఇప్పించి అమ్మారు. ఆ రకం కీబోర్డ్ డబ్బాలు మన ఊళ్లలోనూ కంప్యూటర్ పేరుతో చెలామణీ అయ్యాయి. టైపింగ్ నేర్చుకుంటానని కొనిపించుకుని డక్ హంట్ ఆడినవాళ్లు ఇది చదివేవాళ్లలో తప్పకుండా ఉంటారు. సుబోర్ ఫ్యాక్టరీని పైకి తెచ్చిన దువాన్ యోంగ్‌పింగ్ 1995లో బయటికొచ్చి బీబీకే అనే కంపెనీ పెట్టాడు. ఒప్పో, వివో అందులోంచి వచ్చినవే. మీ చేతిలో ఆ ఫోన్లుంటే, దాని వంశవృక్షంలో ఒక దొంగ ఫామికామ్ ఉంది.

దొంగతనాన్ని నెత్తిన పెట్టుకుంటున్నావా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేం ఆడిన కాంట్రాకి కొనామికి ఒక్క పైసా ముట్టలేదు. కాంట్రాలో ముప్పై ప్రాణాలిచ్చే కోడ్ మాకు కంఠతా వచ్చు గానీ, ఆ మీటల వరసని మొదట గ్రేడియస్ గేములో పెట్టిన కజుహిసా హషిమొతో పేరు 2020లో ఆయన పోయినప్పుడు గానీ మాలో చాలామంది వినలేదు. జపాన్లో గేములు చేసేవాళ్ల పేర్లను కంపెనీలే దాచేవి, మనం డబ్బు కూడా ఇవ్వలేదు. ఇది సమర్థించుకునే విషయం కాదు. కాకపోతే నింటెండో మాకు అమ్మి మేం ఎగ్గొట్టడం వేరు, మా ఊరి వైపు ఎవరూ చూడకపోవడం వేరు. తాళం వేసిన అమెరికా పెట్టె ఒక్కటే ప్రపంచంలో ఉండి ఉంటే కొనామికి మా నుంచి అదనంగా ఏమీ వచ్చేది కాదు. మేం క్యారమ్స్ ఆడుకునేవాళ్లం.

2016లో నింటెండో పాత అమెరికా పెట్టెని అరచేతిలో పట్టేలా చేసి, 30 గేములు నింపి అమ్మింది. చూడముచ్చటగా ఉంటుంది. ముందున్న క్యాసెట్ మూత మాత్రం తెరుచుకోదు, అది అచ్చు బొమ్మ. ఆ 30 గేములే, 31వది పెట్టుకోవడానికి వీల్లేదు, జనం ఎలాగో హ్యాక్ చేసుకున్నారనుకోండి. అసలు ఫామికామ్ తయారీ జపాన్లో 2003 దాకా సాగింది, ఆ తర్వాత కూడా నాలుగేళ్లు నింటెండో రిపేర్లు చేసిచ్చింది. నకళ్లు ఇప్పటికీ ఆగలేదు. ఆన్‌లైన్లో 400 గేములని రాసి అమ్మే చిన్న చేతి గేములు కొని విప్పండి, చాలావాటిలో ఆ నల్ల బొట్టే కనపడుతుంది. మా అబ్బాయికి కొనిచ్చిన దాంట్లో మారియో ఉంది, కాంట్రా ఉంది. ఎనిమిది దాటితే బొమ్మలు మిణుకుమంటున్నాయి కూడా.